పాంచాలి, స్త్రీ, ఇరవై నాలుగు

మార్చి 11, 2007. ఆదివారం. మదనపల్లె

ఎరువుల కొట్టువాళ్ళు పోయిన ఏడాది ఇచ్చిన డైరీ ఇది. అప్పుడు ఒక్క పేజీ కూడా రాయలేదు. ఇప్పుడు తేదీలు కొట్టేసి రాస్తున్నాను. కొత్తది కొనడానికి మనసు రాలేదు. ఎవరైనా చదవాల్సిన విషయమూ కాదు.

అమానుల్లా మీద కోపంగా ఉంది. ఆ కోపాన్ని ఎక్కడో ఒకచోట దించాలి కదా.

బస్టాండు వెనక వాడి ఫోటో స్టూడియోలో ఇప్పుడు రెండు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ కూడా నడుపుతున్నాడు. నిరుడు మా ఊరు ఎర్రమిట్టలో పద్దెనిమిది రోజులు ఆడిన భారతంలో నేను కట్టిన ద్రౌపది వేషాన్ని ఫోటోలు తీసింది వాడే. వాటిని నెట్‌లో అందరూ పేర్లు, ఫోటోలు పెట్టుకునే ఆర్కుట్‌లో పెట్టమని పోయిన వారం అడిగాను. ఏ ఊరి కమిటీవాళ్ళైనా చూసి మా మేళాన్ని పిలుస్తారని నా ఆశ. 'ఎర్రమిట్ట మేళం' అని పేరు పెట్టమని మరీ చెప్పాను. ఈరోజు ట్రిప్పు దిగి వెళ్ళి చూస్తే పేరు పాంచాలి అని ఉంది. స్త్రీ. వయసు ఇరవై నాలుగు. ఊరు పుంగనూరు. ఫోటో కూడా కిరీటం పెట్టుకున్నది కాదు. పసుపు చీర, ముఖానికి పసుపు, జుట్టు విప్పి భుజం మీద వేసుకున్నది పెట్టాడు.

"ఇదేంది అమానుల్లా?"

"మేళం అని పెడితే ఎవుడు సూస్తాడప్పా? ఫోటోలో ఆడమనిషి ఉండాది. మగోడు అని పెడితే నమ్ముతారా? తీసినోణ్ణి, నాకే నమ్మకం రాలా."

"వయసు ఇరవై నాలుగేంది?"

"ముప్పై ఒకటి అని పెట్టమంటావా? ద్రౌపదమ్మకు వయసేంది భాయ్!"

తీసేయమన్నాను. సరే అన్నాడు. అప్పటికే ఆ పేజీలో పదకొండు స్క్రాపులు పడి ఉన్నాయి. ఎవరైనా వచ్చి మన పేజీలో రాసిపోయే చీటీలను అలా అంటారట. చదివి తీసేద్దాం అన్నాను. పదకొండూ చదివాం. తీయలేదు.

రేపు పొద్దున కుప్పం బస్సు. ఖాకీ ఇస్త్రీ చేయాలి. ఈ డిపోలో ఏడేళ్ళుగా కండక్టరును. నేను వేషం కడతానని ఇక్కడ ఒక్కరికీ తెలియదు. తెలియనివ్వను. ఆడవేషం వేసేవాడని తెలిసి రెండు సంబంధాలు ఇప్పటికే వెనక్కి పోయాయి. మూడో దెబ్బ ఉద్యోగం మీద పడకూడదు.

మార్చి 13

మా బస్సు డ్రైవరు హరినాథ్ ఈరోజు పలమనేరు దాకా ఒకటే పాట. "పుంగనూరులో ఒక పిల్ల ఉండాదప్పా, నెట్‌లో. కండ్లు సూడల్ల, అబ్బ!" అని.

విజిల్ ఊదడం మరిచిపోయాను. స్టాపులో దిగాల్సిన ముసలాయన నన్ను తిట్టాడు.

సాయంత్రం అమానుల్లాను నిలదీస్తే, హరినాథ్‌కు అకౌంటు తెరిచింది కూడా తనేనని ఒప్పుకున్నాడు. ఊళ్ళో సగం మందికి వాడే తెరిచాడు. ఎవరు ఎవరికి రాస్తున్నారో తెలిసినవాడు వాడొక్కడే. సినిమా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

హరినాథ్ రాసిన స్క్రాపు కూడా చదివాను. నా కళ్ళు బాగున్నాయట. బస్సులో ఏడేళ్ళుగా చూస్తున్నాడు, ఒక్కసారీ అనలేదు.

మార్చి 15. గురువారం

ఒక ఆడపిల్ల రాసింది. పేరు మాలతి. కుప్పంలో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటరట. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తుంది. కూడబలుక్కుని చదివాను.

"అక్కా, మీరు జుట్టు విప్పేసి ఫోటో పెట్టినారే, మీ ఇంట్లో ఏమీ అనరా? నేనైతే జుట్టు ఒక పక్కకు తెచ్చుకోకుండా గడప దాటను."

జవాబు రాయకూడదనే కూర్చున్నాను. ఒక్క వేలితో టైపు చేసేసరికి అరగంట పట్టింది. "నాకొక పని మిగిలి ఉంది. అది తీరాక ముడి వేసుకుంటాను. అంతవరకు ఎవరేమన్నా వినను" అని రాశాను. ద్రౌపది అనే మాటే అది. కొత్తగా కల్పించింది ఏమీ లేదు.

మార్చి 20

మాలతి జుట్టు ఎందుకు పక్కకు వేసుకుంటుందో చెప్పింది. ఎడమ చెంప నుంచి మెడ దాకా బొల్లి మచ్చ. చేతుల మీద కూడా. పదో తరగతిలో మొదలైందట. ఇది మాత్రం స్క్రాపులో రాయలేదు, మెసేజిలో రాసింది. అదైతే మా ఇద్దరికే కనబడుతుంది. తన ప్రొఫైల్లో ఉన్న ఫోటోలో మచ్చలు లేవు. స్టూడియోవాళ్ళు కంప్యూటర్లో తుడిచేశారట.

"ఈ సంగతి బయటివాళ్ళకు చెప్పడం ఇదే మొదలు అక్కా" అని రాసింది.

నేను మగవాణ్ణని చెప్పి ఉండాల్సింది. కానీ వేషంలో ఉన్నప్పుడు సొంత పేరు చెప్పకూడదని మా మేళం గురువు దాసప్ప అయ్యవారు నాకు మొదటి పాఠంగా నేర్పారు. పైగా ఆ అమ్మాయి నాకు చెల్లెలి లాంటిది.

మార్చి 24. శనివారం

మాలతికి బెంగళూరు సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయికి తుడిచేసిన ఫోటో నచ్చింది. వచ్చే వారం పెళ్ళిచూపులు. "మాట ముందుకు పోనీ, మచ్చల సంగతి తర్వాత చూసుకుందాం" అంటున్నాడట వాళ్ళ నాన్న. "అక్కా, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "నేనైతే ఉండేది ఉండేట్టు పంపుతాను. తుడిచిన ముఖం చూసి వచ్చేవాడు నీ ఎదురుగా కూర్చుని కూడా ఆ ముఖం కోసమే వెతుకుతాడు. అసలు ఫోటో ఈరోజే పంపు" అని రాశాను. రాసి చదువుకుంటే ఒళ్ళు పులకరించింది. రాగం కట్టి పాడితే సభలో చప్పట్లు పడే మాట.

వెనక నిలబడి అమానుల్లా కూడా చదివాడు. "బాగుండాదప్పా. ఇది ఎవురి ఫోటో కింద కూసోని రాసినావు?" అన్నాడు.

చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, ఆ బాపతు నేనే. కానీ నా సంగతి వేరు. నాది వేషం. ఆ అమ్మాయిది జీవితం.

ఏప్రిల్ 1. ఆదివారం

పంపింది. నిజంగానే పంపింది. బెంగళూరువాళ్ళు 'ఇప్పుడు చేసే ఉద్దేశం లేదు' అని ఫోను చేసి చెప్పారట. వాళ్ళ నాన్న రెండు రోజులు అన్నం తినలేదట.

ఆడపిల్ల బతుకుతో నాటకం ఆడాననుకున్నాను. కానీ కింద ఇంకా రాసింది. "ఏడుస్తాననుకున్నా అక్కా, ఏడుపు రాలేదు. తేలికైంది. నువ్వు ఉండేట్టు ఉండు అని నాకు చెప్పినవాళ్ళు మీరొక్కరే."

ప్రొఫైల్లో ఫోటో మార్చేసింది. జుట్టంతా వెనక్కి దువ్వి, చెంప కనిపించేలా ఉంది. కింద కొందరు వెకిలిగా రాశారు. ఆమె ఒక్కటీ చెరపలేదు. నా ప్రొఫైల్లో 'నమ్మదగిన మనిషి' అనే చోట మూడు నవ్వు బొమ్మలు పెట్టింది. అవి మిలమిలమంటున్నాయి.

ఏప్రిల్ 2

రేపు చెప్పేస్తాను.

ఏప్రిల్ 3

నెట్ సెంటర్‌లో కరెంటు పోయింది.

ఏప్రిల్ 4

నిన్న కరెంటు పోలేదు. నేనే పోలేదు.

ఏప్రిల్ 9

నా డైరీలో నేనే అబద్ధం రాసుకున్నానని అయిదు రోజులుగా గుచ్చుకుంటోంది. అందుకని ఉన్నమాట రాస్తాను. భయంగా ఉంది. బస్సులో నన్ను 'ఓయ్ కండక్టర్' అంటారు. చిల్లర తప్ప నాతో మాట్లాడేది ఏమీ ఉండదు. ఊళ్ళో పద్దెనిమిది రోజులు అమ్మా అని కాళ్ళకు మొక్కుతారు, రంగు కడుక్కుంటే మళ్ళీ పలకరించేవాడుండడు. నేను అనుకున్న మాట రాస్తే, దాన్ని పట్టుకుని ఒక మనిషి తన బతుకులో అంత పని చేసింది. ఇది నాకు ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ జరగలేదు. చెప్పేస్తే ఇది పోతుంది.

చెల్లెలి లాంటిది అని పైన రాశాను. అదీ ఉన్నమాట కాదు.

ఏప్రిల్ 15. ఆదివారం

మాలతి మెసేజి: "మీ ఊరి భారతానికి వస్తాండా అక్కా. దుర్యోధన వధ మే 13న అంట కదా, ఆదివారం, మాకు సెలవు. ఆ రోజు మీరు, నేను పక్కపక్కన నిలబడి ఒక ఫోటో దిగుదాం. ఏమీ తుడవకుండా."

పుంగనూరు పక్కన మా ఎర్రమిట్టలో భారతం ఆడతారని, తేదీలతో సహా పోయిన వారం నేనే రాశాను. ఆ రోజుకు ముందే చెప్పాలి. చెప్పి తీరాలి. ఎవరో చెప్పగా తెలిస్తే ఆ అమ్మాయి నలుగురిలో నవ్వులపాలవుతుంది. తేదీ కూడా పెట్టుకున్నాను. భారతం మొదలై నేను దీక్ష కంకణం కట్టుకునే రోజుకు ముందు.

ఏప్రిల్ 26. గురువారం. ఎర్రమిట్ట

ఈరోజు పొద్దున కంకణం కట్టారు.

చెప్పలేదు.

దాసప్ప అయ్యవారు పసుపుకొమ్ము తోరం నా మణికట్టుకు కడుతూ ప్రతి ఏడాది చెప్పే మాటలే చెప్పారు. డెబ్బై ఏళ్ళు దాటినా గొంతు కంచులాగే ఉంది. "పద్దెనిమిది దినాలు. చెప్పులు తొడగొద్దు. నీసు ముట్టొద్దు. సాప మింద పండుకోవల్ల. అబద్ధం ఆడొద్దు. ద్రౌపదమ్మ వేషం కట్టేవాడు అబద్ధమాడితే ఆయమ్మ నోట అబద్ధం పలికించినట్టు."

సరేనన్నాను. టైపు చేసింది మాట కాదు, నోటితో అన్నదే మాట అని లోపల ఒక లాయరు వాదిస్తూనే ఉన్నాడు.

మొదటి పదమూడు రోజులు పగలు డ్యూటీ మానను. చివర్లోనే సెలవు.

ఏప్రిల్ 27

ఒట్టికాళ్ళతో బస్సులో. మధ్యాహ్నానికి ఇనప రేకు పెనంలా కాలింది. "చెప్పులేవప్పా?" అన్నాడు హరినాథ్. తెగిపోయాయన్నాను.

అబద్ధం ఒకటి అయింది.

ఏప్రిల్ 28. శనివారం

మాలతి నా బస్సెక్కింది.

కుప్పంలో మధ్యాహ్నం ట్రిప్పు. ముందు నుంచి మూడో సీటు. కొత్త ఫోటోలో ఉన్నట్టే జుట్టు వెనక్కి బిగించి జడ వేసుకుంది. చూడగానే తెలిసిపోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ మచ్చ చూసి కొంగు సర్దుకుని, లేచిపోయి వెనక నిలబడింది. సీటు ఖాళీ ఉన్నా నిలబడింది. మాలతి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆ పెద్దావిడను కూర్చోమని గట్టిగా కసిరాను. "ఈడనే దిగల్లప్పా" అంది. ఆమె దిగాల్సింది పలమనేరులో.

"యాడికమ్మా?" అన్నాను మాలతిని. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"పుంగనూరన్నా. మా పిన్నమ్మోళ్ళ ఇంటికి." టికెట్ తీసుకుంటూ నా మణికట్టు చూసింది. "భారతం కంకణమా? యా ఊరు మీది?"

"ఎర్రమిట్ట."

"అవునా!" ముఖమంతా వెలిగింది. "మా అక్క ఒకామె ఉండాది ఆ పక్క, పాంచాలి అని. తెలుసునా మీకు?"

"తెలీదమ్మా."

"మీరేం వేషం కడతారన్నా?"

"వేషం లేదమ్మా. మొక్కుబడి."

వెనక ఎవరో టికెట్ అడిగారు. వెళ్ళిపోయాను. పుంగనూరులో దిగుతూ "థ్యాంక్సన్నా" అంది. ఎందుకో నాకర్థం కాలేదు.

ఆ మాట టైపు చేసింది కాదు. నోటితోనే అన్నాను. కంకణం ఉన్న చెయ్యితోనే టికెట్ చించి ఇచ్చాను.

ఏప్రిల్ 29. ఆదివారం

పొద్దున్నే నెట్ సెంటర్ తెరిపించాను. మాలతి వాళ్ళ పిన్నమ్మ ఊరి నుంచి రాసిన మెసేజి పడి ఉంది. "నిన్న బస్సులో నా పక్కనున్న ఆమె లేచిపోయింది అక్కా. అలవాటే. కానీ కండక్టరు ఆమెను కసిరినాడు. నాతో మామూలుగా, అందరితో మాట్లాడినట్టు మాట్లాడినాడు. మీ ఊరాయనే. అలాంటివాళ్ళు కూడా ఉండారని మీకు చెప్పాలనిపించింది."

బస్సెక్కి నేరుగా ఊరికి పోయాను. దాసప్ప అయ్యవారు అరుగు మీద కూర్చుని శ్రుతి కుదరడానికి మద్దెల తోలుకు రవ్వ ముద్ద పట్టిస్తున్నారు. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆర్కుట్ అంటే ఏమిటో చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది.

"అంటే, గోడ మింద బొమ్మేసి కింద పేరు రాసినట్టా?"

"అట్లాంటిదే."

"బొమ్మ నీది. పేరు నీది కాదు."

"అవును."

మణికట్టు ముందుకు చాపి, కంకణం తీసేయమన్నాను. ఆయన దాని వైపు చూడనైనా లేదు.

"తీసేస్తే ఈ పొద్దుకు నాకు ఇంకొక ద్రౌపది యాడ దొరుకుతుంది? పద్యాలు నీ అబ్బ నేర్పిస్తాడా?" అన్నారు. మద్దెల పక్కన పెట్టారు. "వేషం కట్టేది తప్పుగాదురా. నలభై ఏండ్లు నేనూ కట్టినా. తెర ముందర కూసున్నోళ్ళందరికీ తెలుసు, లోపలుండేది దాసప్పని. తెలిసే మొక్కుతారు. ఆ బిడ్డకు తెలీదు. తెలీనోళ్ళ ముందర కట్టేది వేషంగాదు, మోసం."

"ఏం చెయ్యమంటారు?"

"అబద్ధం యాడ ఆడినావో ఆడనే పోయి సరి సెయ్యి. గోడ మింద ఆడింది గోడ మింద. బస్సులో ఆడింది బస్సులో."

ఆమె స్క్రాపుల్లో క్షమాపణ రాస్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "ఆ బిడ్డ గోడ మింద యాల రాస్తావు? లోకమంతా సూసి నవ్వేదానికా? నీ గోడ మింద రాసుకో. ఆయమ్మికి సాటుగా సెప్పు. అవమానం నీది, దాన్ని మోసకపోయి ఆయమ్మి నెత్తిన పెట్టొద్దు."

వచ్చేటప్పుడు మజ్జిగ ఇచ్చారు. అది మాత్రం మామూలుగానే ఇచ్చారు.

ఏప్రిల్ 30. సోమవారం

డ్యూటీ దిగి ఖాకీలోనే వెళ్ళి అమానుల్లా కెమెరా ముందు కూర్చున్నాను. "కాలరు సర్దుకో, సెమట తుడుసుకో" అన్నాడు. వద్దన్నాను. తీశాడు.

పేరు: మునికృష్ణ. పురుషుడు. ముప్పై ఒకటి. ఉద్యోగం: బస్సు కండక్టరు, మదనపల్లె. ఖాకీ ఫోటో ముందు పెట్టించాను. పసుపు చీర ఫోటోను పక్కన ఆల్బంలో ఉంచి, కింద 'ఎర్రమిట్ట భారతంలో నా ద్రౌపది వేషం' అని రాశాను. 'నా గురించి' అనే చోట ఇలా:

"ఏడాదికి పద్దెనిమిది రోజులు ద్రౌపది వేషం కడతాను. రెండు నెలలుగా ఇక్కడ ఆ ఫోటో పెట్టుకుని ఆడమనిషినని నమ్మించాను. తప్పు నాది. ఫోటో తీసినవాడిది కాదు, నమ్మినవాళ్ళదీ కాదు."

అమానుల్లా చదివి, "నన్ను యాల ఇడిసిపెట్టినావు భాయ్, మొదట పెట్టింది నేనే గదా" అన్నాడు. మొదటి రోజు తీసేయకుండా కూర్చున్నది నేను అన్నాను.

తర్వాత మాలతికి మెసేజి. పెద్దగా రాయలేదు. నేనెవరో చెప్పాను. శనివారం బస్సులో కండక్టరు నేనేనని చెప్పాను. పాంచాలి తెలియదన్నది అబద్ధమని చెప్పాను. నువ్వు నమ్మి చెప్పిన సంగతులు ఎవరికీ చెప్పలేదని, చెప్పనని రాశాను. అది రాసి ఆగాను. అమానుల్లా చదివాడు, నిన్న అయ్యవారికి చెప్పాను. ఆ మాట కొట్టేసి, ఇద్దరికి తెలుసు, వాళ్ళ పేర్లివి అని రాశాను. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగితే జవాబు ఇవ్వాల్సిన బరువు మళ్ళీ ఆమె మీద పడుతుంది.

పంపించే బటన్ అమానుల్లా నొక్కుతానన్నాడు. నేనే నొక్కాను.

మే 1

ఏమీ లేదు.

మే 2

నవ్వు బొమ్మలు మూడూ పోయాయి. తీసేసింది. అంటే చదివింది.

తీసేయాల్సిందే. నేనైనా తీసేస్తాను. అయినా ఆ ఖాళీ చోటు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

మే 3

హరినాథ్ నాతో మాట్లాడడం లేదు. నిన్న మదనపల్లె నుంచి కుప్పం దాకా, కుప్పం నుంచి మదనపల్లె దాకా ఒక్క మాట లేదు. విజిల్ ఊదితే ఆపుతాడు, ఊదితే పోనిస్తాడు. తేలు కుట్టిన దొంగలాగా ఇద్దరం ఒకే బస్సులో.

మే 5. శనివారం

డిపోలో అందరికీ తెలిసిపోయింది. పొద్దున బస్సెక్కేసరికి వెనక సీట్లో కాలేజీ కుర్రాళ్ళు ఉన్నారు. ఒకడు సాగదీశాడు. "పాంచాలక్కా, పుంగనూరు నాలుగియ్యి."

బస్సంతా నవ్వింది. ఏడేళ్ళుగా నేను భయపడిన నవ్వు ఇదే. అయ్యవారి మాట గుర్తొచ్చింది, బస్సులో ఆడింది బస్సులో అని. నడుమ నిలబడి కడ్డీ పట్టుకున్నాను. వేదిక మీద ఎంత గొంతు వాడతానో అంత గొంతుతో చెప్పాను.

"అవునప్పా, ద్రౌపది వేషం నేనే కడతా. ఎర్రమిట్టలో. పదమూడో తేదీ ఆదివారం దుర్యోధన వధ. అందరూ రండి. ఆడ అమ్మా అని మొక్కల్ల, ఈడ కండక్టర్ అంటే సాలు. ఇప్పుడు టికెట్లు తీయండి."

నవ్వు ఆగలేదు, కానీ రకం మారింది. ముందు సీట్లో ముసలాయన "యా మేళమప్పా మీది? దాసప్పదా?" అని అడిగి, అయ్యవారి చిన్ననాటి వేషాల గురించి చెప్పుకొచ్చాడు.

పుంగనూరు దాటాక హరినాథ్ అద్దంలోంచి చూశాడు. "ఆ ఫోటో తీసినోడు ఎవుడప్పా?" అన్నాడు. అమానుల్లా అన్నాను. "బాగా తీసినాడు నా కొడుకు" అన్నాడు. తర్వాత ఇంకాస్త దూరం పోయాక, "చెప్పులు తెగింది నిజమేనా?" అని అడిగాడు. కాదన్నాను. గేరు మార్చాడు.

మాలతి ఎక్కలేదు. కుప్పంలో మూడో సీటు వైపు చూశాను. చూడనని అనుకునే చూశాను.

మే 8

సెలవు చీటీలో 'కారణం' అనే చోట ప్రతి ఏడాదీ జ్వరం అని రాసేవాణ్ణి. ఈసారి 'భారతంలో ద్రౌపది వేషం' అని రాశాను. గుమాస్తా రెండుసార్లు చదివి, "ఇది కారణమా?" అన్నాడు. అదే కారణం అన్నాను. ఇచ్చారు.

మే 13. ఆదివారం. ఎర్రమిట్ట

చేతులకు ఇంకా ఎరుపు పోలేదు. కాగితానికి అంటుతోంది.

మట్టి దుర్యోధనుణ్ణి ఈసారి ఇంకా పెద్దగా చేశారు. పడుకోబెట్టిన ఆ బొమ్మ తలకాయ ఒక్కటే మా గది అంత ఉంది. మధ్యాహ్నం ఎండలో భీముడు తొడ మీద గదతో కొట్టాడు. లోపల పెట్టిన కుంకుమ నీళ్ళ కుండ పగిలింది. ఆ ఎరుపులో చేతులు ముంచి, ఇన్నాళ్ళూ వేషంలో విరబోసుకున్న సవరం జుట్టు ముడి వేసుకున్నాను. పద్యం ఎక్కడా తప్పలేదు. కానీ ఆ పద్యం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో నాకు గుర్తులేదు.

తర్వాత ఆడవాళ్ళు వరసగా వస్తారు. అమ్మ చేత్తో ఆ కుంకుమ పెట్టించుకోవడం ఆచారం. వంద మందికి పైనే ఉంటారు. తల వంచేవాళ్ళ నుదురే తప్ప ముఖం చూడను. ఒక నుదురు వంగలేదు.

మాలతి. జుట్టు వెనక్కి బిగించి ఉంది. ఎండకు చెంప మీద తెలుపు ఎర్రబడింది. నా కళ్ళలోకి నేరుగా చూసింది. నా వేలు గాలిలోనే ఉండిపోయింది.

"అమ్మా" అంది.

"సెప్పు తల్లీ" అన్నాను. వేషంలో అలాగే అనాలి.

"మదనపల్లె డిపోలో ఒక కండక్టరు ఉండాడమ్మా. మునికృష్ణ అని. ఆయనకొక మాట సెప్పల్ల."

వెనక నుంచి ఎవరో "బిరీన కానీమ్మే" అన్నారు. మాలతి కదల్లేదు.

"సంబంధం పోయిందానికి కాదు నా కోపం. ఆ పొద్దు సెప్పిన మాట మంచిదే. ఆడదని అబద్ధమాడినాడే, దానికీ కాదు. ఆయన మాట యిని నేను ముఖం బయట పెట్టుకోని బస్సెక్కితే, నా ముఖం సూసి కూడా తన ముఖం దాసిపెట్టుకున్న్యాడు సూడు, దానికి. ఆ కోపం ఇంకా పోలా. పోతే నేనే వచ్చి సెప్తా. అంతవరకు నాకేమీ రాయద్దని సెప్పమ్మా."

"సెప్తా" అన్నాను.

అప్పుడు తల వంచింది. బొట్టు పెట్టాను. కొంచెం పక్కకు జారింది. ఆమె తుడుచుకోలేదు.

అమానుల్లా ఆ పక్కనే కెమెరాతో నిలబడి ఉన్నాడు. ఎత్తాలా వద్దా అని నా వైపు చూస్తున్నాడు. మాలతే వాడితో అంది. "ఒకటి తియ్యన్నా. అమ్మతో. ఏమీ తుడవద్దు." వచ్చి నా పక్కన నిలబడింది. మధ్యలో జానెడు ఎడం ఉంచింది. వాడు తీశాడు. వరసలోంచి పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది. ఇంకా చాలామంది మిగిలి ఉన్నారు. అందరికీ పెట్టాను.

సాయంత్రం కంకణం విప్పుతూ, "ఇంక నీ ఇష్టం రా, కావాలంటే అబద్ధాలు ఆడుకో" అని నవ్వారు దాసప్ప అయ్యవారు. అలవాటు తప్పిందన్నాను.

మే 14. సోమవారం. మదనపల్లె

రంగు కడిగేశాను. చెప్పులు తొడిగితే కాళ్ళకు కొత్తగా ఉంది. రేపు పొద్దున ఆరింటికి కుప్పం బస్సు, డ్యూటీ నాదే, హరినాథ్‌దే. దానికి ముందు ఒక పని ఉంది. నిన్న అమ్మ వేషంలో మాట ఇచ్చాను కనుక చేయాలి.

మునికృష్ణా, కుప్పం అమ్మాయి నీకు చెప్పమన్న మాట ఇది. ఆమె ముఖం చూసి కూడా నువ్వు నీ ముఖం దాచావు. ఆ కోపం ఇంకా పోలేదు. పోతే తనే వచ్చి చెబుతుంది. అంతవరకు నువ్వు ఏమీ రాయొద్దు.

సరేనమ్మా.